40 వేలున్నాయి, 41 మంది పిల్లలున్నారు. ఆన్‌లైన్ చదువుకి ఏం కొనాలి?

లెక్కల టీచర్, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డుకి దగ్గరలో ఉన్న ఒక మున్సిపల్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదహారేళ్ల సర్వీసు. పిల్లల ఇళ్ల సంగతులు కూడా రాయాల్సి వస్తుంది కాబట్టి స్కూలు పేరు చెప్పడం లేదు, ఏమీ అనుకోకండి.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా స్కూలు పాత బ్యాచ్ ఒకటి కలుసుకుంది. భోజనాలయ్యాక వాళ్లలో వాళ్లు చందాలు వేసుకుని 40 వేలు మా హెచ్‌ఎం గారి చేతిలో పెట్టారు. "పిల్లలకి ఆన్‌లైన్‌లో మంచి చదువు దొరికేలా ఏదైనా చేయండి మేడమ్" అన్నారు. హెచ్‌ఎం గారు ఆ పని నాకు అప్పగించారు. డబ్బు వేసిన వాళ్లలో ఒకతను ఆటో నడుపుతాడు, ఒకావిడ బ్రాడీపేటలో జాకెట్లు కుడుతుంది. అందులో ఒక్క రూపాయి వృథా అయినా నాకు తప్పుగానే ఉంటుంది. అదే నా టెన్షన్.

మా ఏడో తరగతి సంగతి చెబుతాను. పుస్తకం ప్రకారం ఇప్పుడు బీజీయ సమాసాలు చెప్పాలి. సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు ఊరికే ఒక భాగహారం బోర్డు మీద రాశాను. 612ను 6తో భాగించమన్నాను. 41 మందిలో 17 మంది 12 అని రాశారు. ఆరు ఒకట్ల ఆరు, ఒకటి దించారు, ఆరులో పోదు, రెండు కూడా దించారు, ఆరు రెళ్లు పన్నెండు. మధ్యలో సున్నా వేయాలన్న సంగతి వాళ్లకి ఎప్పుడూ ఎవరూ ఆగి చెప్పలేదు, లేదంటే చెప్పిన రోజు వాళ్లు బడికి రాలేదు. "600 రూపాయలు ఆరుగురికి పంచితే ఎంత?" అంటే అదే పిల్లలు "వంద" అని టక్కున చెప్పారు. "మరి 612 పంచితే పన్నెండేనా?" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇది మూడో తరగతి, నాలుగో తరగతి లెక్క. వీళ్లకి నేను ఎక్స్, వై చెప్పాలి.

ఇంకో సంగతి. సీజన్ మొదలైంది. తల్లులు మిర్చి తొడిమలు తీసే పనికి పోతారు, ఆడపిల్లల్లో కొందరు వాళ్లతో పాటు వెళ్తారు. మా క్లాసులో ఒక అమ్మాయి మూడు రోజులు రాకుండా నాలుగో రోజు వచ్చింది. నోట్సు రాయమంటే పెన్ను ముట్టుకోవడం లేదు. దగ్గరికెళ్లి చూస్తే వేళ్ల చివర్లు ఎర్రగా ఉన్నాయి. "మంట టీచర్, నూనె రాసినా తగ్గలేదు" అంది. కళ్లు దురద పెడుతుంటే మోచేత్తో రుద్దుకుంటోంది, వేళ్లు తగలకుండా. ఆ మూడు రోజుల పాఠం ఆ పిల్లకి ఎలా అందుతుంది? ఆన్‌లైన్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

పిల్లలందర్నీ అడిగాను. 34 ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. సాయంత్రం ఏడులోపు ఇంట్లో ఉండేది మాత్రం తొమ్మిది ఇళ్లలోనే. మిగతావి నాన్నతో పాటు పనికి పోతాయి. స్కూల్లో ఒక గదిలో పెద్ద ప్యానెల్, అంటే టీవీ లాంటి డిజిటల్ బోర్డు, ఉంది, అది ఎక్కువగా పదో తరగతికి వాడతాం. ఇంటర్నెట్ ఆఫీసు గదిలో బాగానే వస్తుంది, పై అంతస్తులో మా క్లాసుకి రాదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి వాళ్లకి ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్‌లు ఆ బ్యాచ్‌తోనే వెళ్లిపోయాయి.

ఒక యాప్ కంపెనీ మనిషి వచ్చి పిల్లకి ఏడాదికి 900 అన్నాడు. 41 మందికి 36,900. డెమోలో బొమ్మలు చాలా బాగున్నాయి. తోటి టీచర్లు కొందరు నాలుగు ట్యాబ్‌లు కొనెయ్యమంటున్నారు. నాకు రెండింటి మీదా నమ్మకం కుదరడం లేదు. ఎవరైనా తక్కువ ఖర్చులో చేసి చూసిన వాళ్లు ఉంటే చెప్పండి. వచ్చే ఏడాదికి మళ్లీ ఎవరో డబ్బిస్తారని నేను అనుకోవడం లేదు.


బీటెక్ మూడో ఏడాది, నల్లపాడు

మేడమ్, ముందు ఉచితంగా ఉన్నవి వాడండి. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా, ప్రభుత్వం వాళ్ల దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకుండా కూడా చూడొచ్చు. ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉన్నవాళ్లకి నెలనెలా ఏమీ కట్టకుండా పాఠాలు చెప్పే పీఎం ఈ-విద్య చానెళ్లు వస్తాయి. యాప్ కంపెనీకి మాత్రం ఇవ్వకండి. ఏడాది అయిపోగానే పాస్‌వర్డ్ పనిచేయదు, మీ చేతిలో ఏమీ మిగలదు.


లెక్కల టీచర్, గుంటూరు

థాంక్స్ బాబూ. దీక్ష నేను ప్యానెల్ మీద వాడుతున్నాను, బాగుంటుంది. నా ఇబ్బంది ఏమిటంటే ఏడో తరగతి పుస్తకంలో కోడ్ కొడితే ఏడో తరగతి పాఠమే వస్తుంది. నా 17 మందికి కావాల్సింది నాలుగో తరగతి సున్నా. ఏడాది గడిస్తే చేతిలో ఏమీ మిగలదన్న మాట మాత్రం మనసులో పడింది.


కంప్యూటర్ సర్వీస్, సింగ్‌నగర్, విజయవాడ

టీచర్ గారూ, నేను ఏలూరు రోడ్డులో కంప్యూటర్లు, లాప్‌టాప్‌లు రిపేర్ చేస్తాను. మా పాప చదివే ప్రభుత్వ స్కూల్లో ఇలాంటిదే ఒకటి పెట్టి ఏడాది దాటింది. తప్పులు కూడా చేశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మీకు ఇంటర్నెట్ అక్కర్లేదు. కావాల్సింది వైఫై. ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. ఒక లాప్‌టాప్‌లో పాఠాలన్నీ పెట్టి, దాన్ని ఒక మామూలు రౌటర్‌కి కలిపితే, ఆ గదిలో ఉన్న ఫోన్లన్నీ ఆ లాప్‌టాప్‌లోంచే పాఠాలు తీసుకుంటాయి. బయట నెట్ ఉన్నా లేకపోయినా దానికి సంబంధం లేదు. నెలకి కట్టేదేమీ లేదు.

దీనికి వాడే సాఫ్ట్‌వేర్ పేరు కొలిబ్రి. పూర్తిగా ఉచితం. నెట్ లేని చోట్ల బడుల కోసమే తయారు చేశారు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. పిల్లలకి ఒక్కొక్కరికి పేరు పెట్టుకోవచ్చు, పాస్‌వర్డ్ లేకుండా పేరు నొక్కితే లోపలికి వెళ్లేలా కూడా పెట్టొచ్చు. మీకు టీచర్ లాగిన్ విడిగా ఉంటుంది. ఎవరు ఏ వీడియో చూశారు, ఏ ప్రశ్న తప్పు చేశారు అన్నది మీకు కనపడుతుంది. మీ 17 మందికి ఒక గ్రూపు చేసి భాగహారం పాఠం వాళ్లకే ఇవ్వొచ్చు, మిగతా 24 మందికి వేరేది ఇవ్వొచ్చు. మీ క్లాసుకి నేనైతే దీనికోసమే ఇది పెట్టమంటాను.

లాప్‌టాప్ కొత్తది కొనకండి. ఆఫీసులు అమ్మేసిన పాతది తీసుకోండి, 4 జీబీ ర్యామ్ చాలు. స్క్రీన్ మూల పగిలినది, కీబోర్డులో రెండు అక్షరాలు పోయినది అయితే ఇంకా తగ్గుతుంది. డెస్క్‌టాప్ ఇంకా చవక, అయినా నేను లాప్‌టాప్ అనే చెబుతాను. ఎందుకంటే దాని బ్యాటరీయే దానికి యూపీఎస్. కరెంటు పోయినా అరగంట, ముప్పావు గంట నడుస్తుంది. కొనేటప్పుడు చార్జర్ పీకి, పది నిమిషాలు వీడియో పెట్టి చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్లు. మా స్కూల్లో కింద గదుల్లో ఉన్నవేవీ మిగల్లేదు. ఈ లాప్‌టాప్ సర్వీసింగ్‌కని నా షాపులో పై అరలో ఉంది కాబట్టి బతికింది. అప్పటినుంచి అందరికీ ఒకటే చెబుతున్నాను, పాఠాలన్నీ ఒక హార్డ్ డిస్కులోకి కాపీ చేసి హెచ్‌ఎం గారి ఇంట్లో పెట్టండి. లాప్‌టాప్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం. టీచర్లు కూర్చుని చేసిన పాఠాలు పోతే మళ్లీ ఎవరు చేస్తారు?

ఇప్పుడు నేను చేసిన తప్పు. మొదట్లో దొరికిందల్లా ఎక్కించాను. ఎక్కువ భాగం ఇంగ్లిషు వీడియోలు. పిల్లలు ఆసక్తిగా తెరిచేవాళ్లు, నిమిషం చూసి మూసేసేవాళ్లు. మా పాపని అడిగితే "ఆ సార్ ఎవరో మనకి తెలీదు కదా నాన్నా, ఏం చెబుతున్నాడో కూడా తెలీదు" అంది. తర్వాత ఆ స్కూల్లో లెక్కల సార్‌ని బతిమాలి ఆయన చేతే వీడియోలు తీయించాం. స్టూడియో ఏమీ లేదండి. బల్ల మీద రెండు వైపులా పుస్తకాల దొంతరలు పెట్టి, మధ్యలో ఒక స్కేలు అడ్డంగా వేసి, దాని మీద ఫోను బోర్లా పెట్టాం. కింద తెల్ల కాగితం. సార్ మొహం కనపడదు, చెయ్యి, పెన్ను మాత్రమే కనపడతాయి, గొంతు వినపడుతుంది. ఒక్కోటి నాలుగు నిమిషాలు. ఫ్యాన్ ఆపి తీయాలి, లేకపోతే కాగితం ఎగురుతుంది, శబ్దం కూడా వస్తుంది. ఇలాంటివి 14 తీశాం. పిల్లలు మళ్లీ మళ్లీ చూసినవి ఇవే. తెలిసిన గొంతు కదా.

కొలిబ్రిలో మన సొంత వీడియోలు, మన సొంత ప్రశ్నలు ఎక్కించుకోవచ్చు. దానికి ఒకసారి నెట్ కావాలి, మీ ఆఫీసు గదిలో ఉందన్నారు కాబట్టి చాలు. వీడియో క్వాలిటీ 480పి కంటే ఎక్కువ పెట్టకండి. మా దగ్గర ఒకేసారి పన్నెండు ఫోన్ల వరకు బాగా నడిచింది, దాటితే ఆగి ఆగి వచ్చింది.

సైన్సు, లెక్కల్లో చేసి చూసే బొమ్మలు కావాలంటే ఫెట్ అని ఉన్నాయి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లవి, నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. ఉచితం, కొన్నిటికి తెలుగు కూడా ఉంది. ఒక్కోటి ఒక్కో ఫైలుగా దింపుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. కింది తరగతుల వాళ్లకి చదవడానికైతే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు దింపుకోవచ్చు, అవీ ఉచితమే.

ఫోన్లు కూడా కొనకండి. ఆ పాత బ్యాచ్ వాళ్లనే అడగండి. ఈ రోజుల్లో ప్రతి ఇంట్లో డ్రాయర్‌లో ఒక పాత ఫోను పడి ఉంటుంది. వెనక భాగం ఉబ్బినది మాత్రం తీసుకోవద్దు, చార్జింగ్ అసలు పెట్టొద్దు, బ్యాటరీ పొంగిందని అర్థం. అది ప్రమాదం. మిగతావి రీసెట్ చేసి, సిమ్ లేకుండా వాడండి.

చివరగా, మొదటి రోజు మిమ్మల్ని ఏడిపించేవి మూడు ఉన్నాయి. ఒకటి, వైఫైలో నెట్ లేదని ఫోన్లు వాటంతటవే కనెక్షన్ వదిలేస్తాయి. "ఇంటర్నెట్ లేదు, అయినా కనెక్ట్ అయి ఉండాలా" అని అడిగినప్పుడు అవునని నొక్కాలి. రెండు, లాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోతుంది, ఆ సెట్టింగ్ మార్చాలి. మూడు, లాప్‌టాప్ అడ్రసు, అంటే ఫోన్ బ్రౌజర్‌లో కొట్టే నంబరు, రోజుకోటి మారకుండా రౌటర్‌లో ఒకదానికి కట్టేయాలి. మా స్కూల్లో అది 192.168.0.10:8080, గోడ మీద పెయింటుతో రాయించాం. ఇప్పుడు చిన్న పిల్లలు కూడా చూడకుండా కొడతారు.

పాత లాప్‌టాప్, డిస్కు, రౌటర్ కలిపి 12, 13 వేలలో అయిపోతుంది. సెటప్‌కి నాకు డబ్బులేమీ వద్దు. ఒక ఆదివారం గుంటూరు వస్తాను.


ముగ్గురు పిల్లల తల్లి, నల్లచెరువు

నమస్తే టీచర్ గారు. నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి. నేను కూడా సీజన్‌లో తొడిమల పనికి వెళ్తాను.

ఫోను మా ఆయన దగ్గర ఉంటుంది. ఆయన హమాలీ పని. రాత్రి ఎనిమిదికి వస్తాడు. అప్పుడు ముగ్గురు పిల్లలూ ఆ ఒక్క ఫోను కోసం కొట్టుకుంటారు. స్కూలు వాళ్లు గ్రూపులో వీడియో పెడతారు. పెద్దోడు చూడకుండానే చూశానంటాడు, నాకు చూసి చెప్పేంత తెలియదు. అప్పటికే ఆ రోజు డేటా అయిపోయి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

పోయినేడు మా చిన్నదానికి జ్వరం వచ్చి వారం పోలేదు. వాళ్ల టీచరమ్మ రాత్రి ఫోన్ చేసింది. మామూలు ఫోనే. దాన్ని పిలిచి ఇస్తే, మంచం మీద పడుకున్నది లేచి నిలబడి మాట్లాడింది. టీచరమ్మ రెండు లెక్కలు చెప్పింది, ఇది నోటితో చేసి చెప్పింది. పది నిమిషాలు కూడా కాలేదు. ఆ రాత్రి అది పుస్తకం తీసింది. వీడియోలు వంద పంపినా తియ్యలేదు. మీరు ఏది కొన్నా కొనండి, రాని పిల్లలకి ఫోన్ చెయ్యండి టీచర్ గారు. మాకూ బాగుంటుంది, మా పిల్లని ఎవరో అడుగుతున్నారని.


రిటైర్డ్ హెడ్మాస్టర్, పటమట

అమ్మా, పైన ఆ తల్లి రాసినదాన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. దానికి రుజువు ఉంది.

2020లో బడులు మూసినప్పుడు ఆఫ్రికాలో బోట్స్వానా దేశంలో సుమారు 4,500 కుటుంబాలతో ఒక పరీక్ష చేశారు. కొందరికి వారానికి ఒక మెసేజ్‌లో లెక్కలు పంపారు. కొందరికి మెసేజ్‌తో పాటు టీచరు వారానికి ఒకసారి 20 నిమిషాలు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టించి, పిల్లవాడితో లెక్క చేయించారు. ఎనిమిది వారాలు. ఫోన్ వచ్చిన పిల్లలు లెక్కల్లో స్పష్టంగా ముందుకు వెళ్లారు. మెసేజ్ ఒక్కటే అందుకున్న వాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మామూలు ఫోను చాలు.

సింగ్‌నగర్ బాబు చెప్పిన ఏర్పాటు చాలా బాగుంది, చేయండి. ఒక్క విషయంలో నాకు భయం ఉంది. ఫోన్లు పిల్లల చేతికిచ్చి మనం మార్కుల రిజిస్టరు రాసుకుంటూ కూర్చుంటే ఏమీ జరగదు. పెరూలో పిల్లవాడికి ఒక లాప్‌టాప్ చొప్పున ఇచ్చారు. 319 గ్రామీణ బడుల్లో పరీక్షించి 2012లో ఫలితం చెప్పారు. కంప్యూటర్లు పిల్లల చేతికి అందాయి, లెక్కల్లోనూ భాషలోనూ చదువు మాత్రం పెరగలేదు.

అదే ఢిల్లీలో 2015లో జరిగినది చూడండి. ప్రభుత్వ బడుల పిల్లలు 619 మంది, లాటరీ తీసి సగం మందిని సాయంత్రం కేంద్రాలకి పంపారు. పరిశోధన చేసినవారిలో కార్తీక్ మురళీధరన్ ఒకరు, మన ఆంధ్రప్రదేశ్ బడుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఆ పిల్లల్ని ముందు పరీక్షిస్తే ఆరో తరగతి వాళ్లు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. మీ 612 కథే. రోజుకి గంటన్నర పెట్టారు. 45 నిమిషాలు కంప్యూటర్ ముందు, పిల్లవాడు ఎక్కడున్నాడో అక్కడినుంచి లెక్కలు. ఇంకో 45 నిమిషాలు ఒక మనిషి చిన్న గుంపుగా కూర్చోబెట్టి చెప్పడం. నాలుగున్నర నెలలకే లెక్కల్లోనూ హిందీలోనూ బాగా పైకి వచ్చారు. మీ క్లాసుకి కూడా ఆ యంత్రంతో పాటు ఒక మనిషి కావాలి.

నేను 34 ఏళ్లు పనిచేశాను. రేడియో పాఠాలు చూశాను, టీవీ పెట్టెలు చూశాను, బీరువాలో తాళం వేసి ఉంచిన కంప్యూటర్లు చూశాను. 2020 వేసవిలో పదో తరగతి పిల్లల కోసం దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చినప్పుడు మా మనవడి పక్కన నేను కూర్చుంటే విన్నాడు, లేచిపోతే వాడూ లేచిపోయాడు. పాఠం బాగానే ఉంది. వాడికి పక్కన ఒకరు కావాలి, అంతే.

కాబట్టి నా సలహా, సామాన్ల మీద 15 వేలకి మించి పెట్టకండి. మిగతా డబ్బుతో సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు కూర్చునే ఒక మనిషిని పెట్టుకోండి. డీఎడ్ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు, డిగ్రీ చదువుతున్న మీ పాత విద్యార్థులు ఉంటారు. నెలకి 3 వేలు ఇచ్చినా ఎనిమిది నెలలు వస్తుంది. రాని పిల్లలకి ఫోన్ చేసే పని కూడా వాళ్లకి అప్పగించవచ్చు, మొదటి ఫోను మాత్రం మీరే చేయండి.


కంప్యూటర్ సర్వీస్, సింగ్‌నగర్, విజయవాడ

మాస్టారూ, నిజమే. మా స్కూల్లో కూడా ఆ లెక్కల సార్ బదిలీ అయ్యాక రెండు నెలలు ఎవరూ తెరవలేదు. లాప్‌టాప్ నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఇంకో టీచర్ గారు తీసుకున్నారు, మళ్లీ మొదలైంది. నేను అది రాయాల్సింది, వదిలేశాను.


లెక్కల టీచర్, గుంటూరు

ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, చేసి చూశాక రాద్దామని ఆగాను.

పాత బ్యాచ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోన్లు అడిగితే తొమ్మిది వచ్చాయి. రెండింటి బ్యాటరీలు ఉబ్బి ఉన్నాయి, తిరిగి ఇచ్చేశాం. ఇంకో రెండింటికి కొత్త బ్యాటరీలు వేయించాం. లాప్‌టాప్ 7,800, డిస్కు 2,900, రౌటర్ 1,350, ఐదు ఇయర్‌ఫోన్లు 750, ఫోన్ బ్యాటరీలు 1,800. మొత్తం 14,600. బిల్లులన్నీ డబ్బిచ్చిన వాళ్ల గ్రూపులో పెట్టాను. సింగ్‌నగర్ తమ్ముడు ఆదివారం వచ్చి సాయంత్రం దాకా ఉన్నాడు. బస్సు చార్జీలు కూడా తీసుకోలేదు. మా హెచ్‌ఎం గారింట్లో భోజనం మాత్రం చేశాడు.

మిగిలింది 25,400. మాస్టారు చెప్పినట్టు మా స్కూల్లోనే చదివి ఇప్పుడు బీఎస్సీ రెండో ఏడాదిలో ఉన్న అమ్మాయిని పెట్టుకున్నాం. నెలకి 3 వేలు. ఏప్రిల్ వరకు, మళ్లీ జూన్‌లో బడి తెరిచినప్పటినుంచి, మొత్తం ఎనిమిది నెలలు. ఇంకా 1,400 ఉంటాయి, ఆ అమ్మాయి ఫోన్ రీచార్జికి.

నేను ఆరు వీడియోలు తీశాను. మొదటిది 612 బై 6. స్కేలు మీద ఫోను బోర్లా పెట్టడం కుదరడానికి రెండు సాయంత్రాలు పట్టింది. వందల నోట్లు, పదుల నోట్లు, రూపాయి బిళ్లలు కాగితం మీద పెట్టి పంచి చూపించాను. ఆరు వందల నోట్లు, ఆరుగురికి తలా ఒకటి. పది నోటు ఒక్కటే ఉంది, ఆరుగురికి పంచలేం, కాబట్టి పదుల గడిలో సున్నా. ఆ పది నోటుని చిల్లర మార్చి రెండు బిళ్లలతో కలిపితే పన్నెండు, తలా రెండు. క్లాసులో బోర్డు మీద ఇది చెప్పినప్పుడు వెనక బెంచీకి కనపడదు. ఇక్కడ ప్రతి పిల్లా దగ్గరగా చూస్తోంది, అర్థం కాకపోతే వెనక్కి జరుపుకుని చూస్తోంది. ఒకబ్బాయి చిల్లర మార్చే దగ్గర ఆపి ఆపి ఐదుసార్లు చూశాడు. నలభై మంది ముందు ఐదుసార్లు "మళ్లీ చెప్పండి టీచర్" అని వాడు అడగడు.

ఏడు ఫోన్లు, 17 మంది. ఏడుగురు ఫోన్ల దగ్గర, పది మంది ఆ అమ్మాయి దగ్గర, అరగంటకి మారుతారు. మొన్న శుక్రవారం 824 బై 8, 1,530 బై 5, 2,418 బై 6 ఇచ్చాను. 17 మందిలో 11 మందికి మూడూ సరిగ్గా వచ్చాయి. ముగ్గురికి రెండు. మిగతా ముగ్గురిలో ఇద్దరికి ఎక్కాలే రావు. వాళ్లకి సున్నా కంటే ముందు ఆరో ఎక్కం కావాలి, అది కొలిబ్రిలో వచ్చే రిపోర్టు చూస్తేనే నాకు తెలిసింది.

మూడో ఆమె చేతులు మండిన అమ్మాయి. ఈ పదిహేను రోజుల్లో తొమ్మిది రోజులు బడికి రాలేదు. వాళ్ల నాన్న ఫోను రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తుంది, నల్లచెరువు తల్లి చెప్పినట్టే. నేను మొదటిసారి ఫోన్ చేసినప్పుడు వాళ్లమ్మ భయపడింది, ఏం తప్పు చేసిందో అని. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం చేస్తున్నాను. వంటింటి చప్పుళ్ల మధ్య నుంచి మాట్లాడుతుంది. నిన్న రాత్రి 515 రూపాయలు ఐదుగురికి పంచమన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, లైను కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా, "పది నోటు చిల్లర చెయ్యాలి కదా టీచర్" అంది. "చెయ్యి" అన్నాను. "నూట మూడు" అంది. పక్కనుంచి వాళ్లమ్మ "కరెక్టేనా మేడమ్" అని అడిగింది.

నల్లచెరువు అమ్మా, మీకు ప్రత్యేకంగా నా నమస్కారం.

సింగ్‌నగర్ తమ్ముడూ, ఇంకో పని ఉంది. మా సైన్స్ టీచర్ గారు కూడా ఇప్పుడు ఎనిమిదో తరగతికి మొదలుపెడతానంటున్నారు. ఆ ఫెట్ ఫైళ్లలో తెలుగులో ఉన్నవి ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టగలవా? నువ్వు రావద్దు, వచ్చే ఆదివారం నేనే ఏలూరు రోడ్డుకి వస్తాను. లాప్‌టాప్ కాపీ డిస్కు కూడా తెస్తున్నాను, సరిగ్గా కాపీ అయిందో లేదో ఒకసారి చూడు.